ఆటలో పూటకూళ్ళమ్మ ఎక్కడ?

1991లో వచ్చిన ‘మంకీ ఐలాండ్ 2’ అనే అడ్వెంచర్ గేములో హీరో పేరు గైబ్రష్ త్రీప్‌వుడ్. మంచివాడే. కాస్త అమాయకుడు, బాగా మాటకారి. ఈ మంచివాడు చేసే పనులు చూడండి. ఒక ఓడదొంగ కొయ్యకాలిని రంపం పెట్టి కోసేస్తాడు. దాన్ని బాగుచెయ్యడానికి వడ్రంగి కొట్టు వదిలి వెళ్తే, ఆ సందులో లోపలికి దూరి సుత్తీ మేకులూ కొట్టేస్తాడు. ఇంకో దీవిలో తన మీద అరెస్టు పోస్టరు అంటించి ఉంటే, దాని మీద కేట్ అనే పడవ నడిపే అమ్మాయి కరపత్రం అతికిస్తాడు. పోలీసులు ఆమెను పట్టుకెళ్ళి జైల్లో వేస్తారు. ఆమె సామాను కవరు మనవాడు జైలు నుంచి ఎత్తుకుపోతాడు. ఇవి చేస్తేనే కథ ముందుకు కదులుతుంది. నేను చెయ్యనని కూర్చుంటే ఆట అక్కడే ఆగిపోతుంది.

ఈ ఆటంటే నాకు ప్రాణం. ఆ కొయ్యకాలు దగ్గర ఇప్పటికీ నవ్వొస్తుంది. అయినా కొన్నేళ్ళుగా ఒక సంగతి మనసులో ముల్లులా ఉండిపోయింది. ఆ వడ్రంగి తిరిగి కొట్టుకొచ్చాక సుత్తి కోసం ఎంతసేపు వెతుక్కుని ఉంటాడు? ఎవరి మీద అనుమానపడి ఉంటాడు? ఆట తయారుచేసినవాళ్ళకి ఆ ప్రశ్న తట్టినట్టు లేదు. ఆడేవాళ్ళకీ తట్టదు.

అడ్వెంచర్ గేము అనగానే మన దగ్గర చాలామంది తుపాకీ పట్టుకుని పరిగెత్తే ఆట అనుకుంటారు. ఇది ఆ రకం కాదు. కథ ఉంటుంది, మనుషులతో మాట్లాడాలి, వస్తువులు పోగెయ్యాలి, ఏ వస్తువు ఎక్కడ పనికొస్తుందో బుర్ర పెట్టి ఆలోచించాలి. చావులు తక్కువ, వేగం అక్కర్లేదు. అందుకే ఇది పెద్దమనుషుల ఆట అని పేరు. కానీ దీని పుట్టుక చూస్తే మొదటి నుంచీ మూట కట్టుకుపోవడమే పని. 1976లో విల్ క్రౌథర్ అనే అమెరికన్ ప్రోగ్రామరు, తాను స్వయంగా తిరిగిన కెంటకీ గుహలను మనసులో పెట్టుకుని మొదటి ఆట రాశాడు. మరుసటి ఏడు డాన్ వుడ్స్ దాన్ని పెంచాడు. బొమ్మల్లేవు, అంతా అక్షరాలే. గుహలోకి దిగి, దొరికిన నిధులన్నీ పైకి మోసుకొచ్చి పెడితే పాయింట్లు. మధ్యలో ఓడదొంగ ఒకడు వచ్చి మన చేతిలోవి లాక్కుపోతాడు, మనకి ఒళ్ళు మండుతుంది. మనం మోసుకొస్తున్నది మాత్రం ఎవరి సొత్తో!

దాని తర్వాత వచ్చిన ‘జోర్క్’ ఇంకా తమాషా. 1980లో ఇన్ఫోకామ్ కంపెనీ దాని మొదటి భాగాన్ని అమ్మకానికి పెట్టింది. ఆట మొదట్లో ఒక తెల్ల ఇల్లు. ముందు తలుపు తెరుచుకోదు. వెనక్కి వెళ్తే వంటింటి కిటికీ కాస్త తెరిచి ఉంటుంది. అందులోంచి దూరి, ఎవరిదో దీపం, ఎవరిదో కత్తి తీసుకుని, కార్పెట్ తొలగించి నేలమాళిగలోకి దిగుతాం. ఈ ఆటలో ఒక పాత్ర పేరే ‘దొంగ’. ఆ పేరు కిటికీలోంచి దూరిన మనకి కాదు. కింద చీకట్లో సంచీ భుజాన వేసుకు తిరిగే ఇంకొకడికి. అతన్ని చంపి అతని దగ్గరున్నవి కూడా తీసుకుంటాం.

పోయిన వేసవి సెలవులకి మా మేనల్లుడు విజయనగరం వచ్చాడు. తొమ్మిదో తరగతి. ఫోన్లో తుపాకుల ఆట తప్ప ఇంకోటి ఎరగడు. మా అక్క టెన్షనంతా ఆ తుపాకుల గురించే. “ఒరే తమ్ముడూ, బుర్ర పెట్టి ఆడే ఆటేదైనా ఉంటే వీడికి నేర్పరా, నీకు పుణ్యముంటుంది” అంది. సరేనని, 2010లో కొత్త బొమ్మలతో మళ్ళీ వచ్చిన ‘మంకీ ఐలాండ్ 2’ ల్యాప్‌టాప్‌లో పెట్టిచ్చాను. మొదటిరోజు విసుక్కున్నాడు. తర్వాత అన్నం తినడానికి పిలిచినా లేవడం మానేశాడు.

వడ్రంగి కొట్టు దగ్గరికి వచ్చినప్పుడు ఊరికే అడిగాను, “ఒరే, ఆ సుత్తి ఆయనది కదరా?” అని.

తల కూడా తిప్పలేదు. “అక్కడెట్టారంటే తీసుకోమనే కదా మావయ్యా” అన్నాడు.

“మరి ఆయన?”

“ఆయనతో ఇంకేటి పని? ఆయన దగ్గర ఇంకేం దొరకదు.”

వాణ్ణి తప్పుపట్టడానికి లేదు. ఆటను వాడు సరిగ్గానే చదివాడు. ఈ ఆటల్లో ప్రపంచం రెండు రకాలు. వెనకాల గోడ మీద గీసిన బొమ్మ ఒకటి, మౌస్ పెడితే పేరు కనిపించే వస్తువు ఒకటి. పేరు కనిపించిందంటే అది మనకోసమే. 1991 నాటి అసలు ఆటలో తెర అడుగున తొమ్మిది పనులు రాసి ఉండేవి: తెరువు, మూయి, తియ్యి, ఇవ్వు, వాడు, లాగు, నెట్టు, చూడు, మాట్లాడు. తీసినదాన్ని ఎక్కడిదక్కడ పెట్టడానికి వీల్లేదు. పాత అక్షరాల ఆటల్లో వస్తువుని కింద పెట్టే వీలైనా ఉండేది. బొమ్మల ఆటలు వచ్చాక అదీ పోయింది. అడుగు లేని జేబు ఒకటిచ్చి, కనబడినదల్లా అందులో వేసుకోమన్నారు. మనుషులు కూడా అంతే. మాట రాబట్టుకునేవరకే పాత్ర, ఆ తర్వాత గోడ మీది బొమ్మ.

దీని మీద వాదన మొదలైతే రెండు రకాల జవాబులు వస్తాయి. ఇలాంటి ఆటలాడితే పిల్లలు దొంగలవుతారని ఒకటి. ఇది నేను నమ్మను. నా ఈడువాళ్ళు నెట్ సెంటర్లలో గంటకింతని కట్టి ‘వైస్ సిటీ’లో కనబడిన కారల్లా ఎత్తుకుపోయారు. వాళ్ళిప్పుడు హెల్మెట్ పెట్టుకుని స్కూటీ మీద ఆఫీసులకి వెళ్ళి, ఈఎంఐలు కట్టుకుంటున్నారు. రెండో జవాబు, “ఉత్త బొమ్మలే కదా, అంత సీనేంటి” అని. ఇది మొదటిదానికంటే బద్ధకపు జవాబు. ఉత్త బొమ్మలే అయితే కథ చివర్లో గొంతు ఎందుకు పట్టేస్తుంది? ఏడుపొస్తే నిజమూ, సుత్తి కొట్టేస్తే బొమ్మా అంటే కుదరదు.

సుత్తి పోయిన కొట్టు ఎలా ఉంటుందో నాకు తెలుసు. గంటస్తంభం దగ్గర మా నాన్నకి పుస్తకాల కొట్టు ఉండేది. చిన్నదే. నోటుబుక్కులు, పెన్నులు, అట్టలు, జూన్ వస్తే బడి పుస్తకాలు. జూన్ మొదటి రెండు వారాలు కౌంటరు ముందు ఇసకేస్తే రాలనంత జనం. అలాంటి ఒక రాత్రి షట్టరు సగం దించి లెక్క చూస్తుంటే ఒక జామెట్రీ బాక్సు తక్కువొచ్చింది. మళ్ళీ లెక్కపెట్టారు. చిట్టా చూశారు, గల్లా చూశారు. లేదు. ఆ రద్దీలో ఎవడో కుర్రాడు సంచీలో వేసుకుపోయి ఉంటాడు, అంతకంటే ఏముంటుంది? ఖరీదు కూడా ఎంతో కాదు. నాన్న ఏమీ అనలేదు. కొట్లో సాయానికి ఉండే అబ్బాయి వైపు ఒక్కసారి చూశారు, అంతే.

మర్నాటి నుంచి అర తాళం నాన్న జేబులోకి వెళ్ళింది. అంతకుముందు అది మేకుకి వేలాడుతూ ఉండేది. ఆ అబ్బాయికి అర్థమైపోయింది. ఆ రోజు నుంచి ఇంటికెళ్ళే ముందు ఎవరూ అడక్కుండానే జేబులు బయటికి లాగి, ఉన్నవన్నీ కౌంటరు మీద పెట్టేవాడు. దువ్వెన, చిల్లర, చిరిగిన బస్సు టిక్కెట్టు, పొట్లం విప్పిన కాగితంలో మిగిలిన నాలుగు పల్లీలు. “అవన్నీ ఎందుకురా, లోపల పెట్టుకో” అనేవారు నాన్న. కానీ ఆ మాట అనే లోపల కళ్ళు ఒకసారి వాటి మీద తిరిగొచ్చేవి. అది నేను చూశాను, వాడూ చూశాడు. ఆ ఏడు సిరిమాను పండగకి సెలవు తీసుకుని వెళ్ళినవాడు మళ్ళీ పనిలోకి రాలేదు.

ఆ బాక్సు తీసినవాడు దాంతో చక్కగా వృత్తాలు గీసుకుని ఉంటాడు. వాడి కథలో అది ‘అక్కడుంటే తీసుకున్న వస్తువు’. కొట్లో మిగిలినవాళ్ళ కథ వాడికి అక్కర్లేదు, తెలిసే దారీ లేదు. అడ్వెంచర్ గేము రాసేవాడికి మాత్రం ఆ సాకు లేదు. హీరోనీ అతనే పుట్టించాడు, కొట్టూ అతనే కట్టాడు. సుత్తి పోయిన మనిషి ఏమయ్యాడో రాయగలిగినవాడు అతనొక్కడే. రాయకుండా వదిలేస్తాడు. నా తగువు అక్కడ.

హాస్యం చెడిపోతుందని ఒక మాట అంటారు. గైబ్రష్ లాంటి తుంటరి హీరో వెనకాల బాధితుల్ని వరసగా నిలబెడితే ఇంకెవరు నవ్వుతారు అని. దీనికి జవాబు మా ఊళ్ళోనే ఉంది. 1892లో మొదటిసారి ఆడిన ‘కన్యాశుల్కం’ నాటకం ఎత్తుగడే విజయనగరం బొంకులదిబ్బ. గిరీశం రాగానే తన ఘనకార్యం చెప్పుకుంటాడు. సంతలో సామాను కొనిపెడతానని పూటకూళ్ళమ్మ దగ్గర 20 రూపాయలు పట్టుకెళ్ళి మరోచోట ఖర్చుపెట్టేశాడు. అబద్ధాలాడతాడు, అప్పులు ఎగేస్తాడు, కుర్రాళ్ళకి చుట్టలు నేర్పుతాడు. నూట ముప్పై ఏళ్ళుగా మనం వాణ్ణి చూసి పొట్టచెక్కలయ్యేలా నవ్వుతూనే ఉన్నాం. కానీ గురజాడ ఒక పని చేశాడు. ఆ 20 రూపాయలు పోయిన మనిషిని వదిలెయ్యలేదు. పూటకూళ్ళమ్మ చీపురుకట్ట పట్టుకుని తిన్నగా మధురవాణి ఇంటికే వచ్చేస్తుంది. అంత ఇంగ్లీషు మాట్లాడే గిరీశం మంచం కిందికి దూరతాడు. నాటకంలో హాస్యం అక్కడ తగ్గిందా? ఆ రంగమే లేకపోతే గిరీశం సగం గిరీశమే.

గురజాడ అక్కడ నీతులు చెప్పలేదు. గిరీశం తలమీద పిడుగు వెయ్యలేదు. డబ్బు పోయినామెకి ఒక చీపురూ, నాలుగు మాటలూ, స్టేజీ మీదకి రావడానికి దారీ ఇచ్చాడు. నేను ఆటల్లో అడిగేది కూడా అంతే.

ఇది లేనందువల్ల మన చూపు ఎంత మొద్దుబారిందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ. 1999లో ‘గేబ్రియల్ నైట్ 3’ వచ్చింది. అందులో ఒక పజిల్ ఎంత అపఖ్యాతి పాలైందంటే, అడ్వెంచర్ గేములు దెబ్బతినడానికి అదొక కారణమని ఇప్పటికీ రాస్తుంటారు. హీరో ఒక బండి అద్దెకి తీసుకోవాలి. అది స్నేహితుడి పేరు మీద ఉంది. పిల్లి ఒంటి మీది వెంట్రుకలు టేపుకి అంటించి, వాటితో దొంగ మీసం చేసుకుని, స్నేహితుడి పాస్‌పోర్టు కొట్టేసి వేషం వేస్తాడు. అసలు ఆ స్నేహితుడికి మీసమే లేదు. పాస్‌పోర్టు ఫొటో మీద కూడా మీసం గీస్తాడు. ఇందులో తర్కం లేదని నేను చదివిన ప్రతి వ్యాసమూ తిట్టింది. పరాయి దేశంలో ఉన్న స్నేహితుడి పాస్‌పోర్టు పాడుచేశాడేంటి అని ఒక్కరూ అడగలేదు. పాస్‌పోర్టు కోసం విశాఖ చుట్టూ తిరిగినవాళ్ళెవరైనా ఆ పజిల్ చూస్తే మొదట ఆ మాటే అంటారు.

పూటకూళ్ళమ్మలు అసలు లేరని కాదు. 1993లో చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్ యంత్రం కోసం వచ్చిన ‘లింక్స్ అవేకెనింగ్’లో ఒక కొట్టు ఉంటుంది. కొట్టువాడు అటు తిరిగినప్పుడు సరుకు పట్టుకుని పరిగెత్తవచ్చు. ఆట ఆపదు. కానీ అప్పటి నుంచి మీరు పెట్టుకున్న పేరు పోతుంది. ఎవరు పలకరించినా ‘దొంగ’ అనే పిలుస్తారు, ఆట చివరిదాకా. మళ్ళీ ఆ కొట్లో అడుగుపెడితే కొట్టువాడు మిమ్మల్ని చంపేస్తాడు. చంపడం నాకు అతి అనిపిస్తుంది. పేరు మార్చడం మాత్రం గొప్ప ఆలోచన.

దానికి ముందు, 1986లో, బ్రయన్ మోరియార్టీ రాసిన ‘ట్రినిటీ’. 1945లో న్యూ మెక్సికో ఎడారిలో జరిగిన మొదటి అణుబాంబు పరీక్ష చుట్టూ తిరిగే అక్షరాల ఆట. లక్షలమంది చావుకి దారితీసే కథలో, ఆట మన చేత స్వయంగా చంపించేది ఒక చిన్న బల్లిలాంటి ప్రాణిని. ఒక మందులో వెయ్యడానికి అది కావాలి. వేరే దారి లేదు. చంపు అని మన వేళ్ళతోనే టైపు చెయ్యాలి, అది చేతిలో ఎలా ప్రాణం విడిచిందో చదవాలి. బల్లిని చంపడం ఏమంత పెద్ద పాపం అంటారా? ఆడి చూడండి. ఎంటర్ నొక్కే ముందు చెయ్యి ఆగుతుంది.

అన్నిటికంటే పెద్ద చీపురు 2012 నాటి ‘ది వాకింగ్ డెడ్’లో ఉంది. (ఆడే ఉద్దేశం ఉన్నవాళ్ళు ఈ పేరా వదిలెయ్యండి.) లోకమంతా నడిచే శవాలు. ఆకలితో ఉన్న కొద్దిమంది అడవిలో నడుస్తుంటే ఒక కారు కనిపిస్తుంది. లైట్లు వెలుగుతుంటాయి, వెనకాల నిండా తిండి. చుట్టూ ఎవరూ లేరు. అక్కడుందంటే తీసుకోమనే కదా! గుంపులో ఉన్న చిన్నపిల్ల క్లెమెంటైన్ మాత్రం ఎవరిదైనా అయితే ఎలా అని అడుగుతుంది. మీరు తీసుకోవచ్చు, వద్దనవచ్చు. వద్దన్నా మిగిలినవాళ్ళు తీసుకుంటారు. ఆట సాగిపోతుంది, మీరు మర్చిపోతారు. రెండు భాగాలు గడిచాక, చివరి భాగంలో, ఒక హోటల్ గదిలో ఒక మనిషి ఎదురుగా కూర్చుంటాడు. పిల్ల అతని దగ్గరుంది. ఆ కారు అతనిది. తప్పిపోయిన కొడుకుని వెతకడానికి వెళ్ళి తిరిగొచ్చేసరికి కారు ఖాళీ, ఆ తర్వాత కుటుంబమే లేదు. అతను మంచివాడేమీ కాదు, పిల్లని ఎత్తుకొచ్చినవాడు. అయినా అతను అడుగుతుంటే జవాబు చెప్పడానికి మాట రాదు. నేను ఆ కారులో ఏమీ తీసుకోలేదు. ఆ సంగతి అతనికి చెప్పుకోవడం కూడా సిగ్గుగానే అనిపించింది.

దీన్ని పాపపుణ్యాల మీటరుతో కలిపెయ్యొద్దు. 1985లో రిచర్డ్ గారియట్ ‘అల్టిమా 4’లో చూపు లేని మూలికల వ్యాపారిని పెట్టాడు. ఎంత ఇవ్వాలో ఆమె చెబుతుంది, ఎంత ఇస్తున్నారో మీరే టైపు చెయ్యాలి. తక్కువిస్తే ఆమెకి తెలియదు, లోపల నిజాయితీ లెక్క పడిపోతుంది. ఆ రోజుల్లో అది నిజంగా కొత్త దారి, కాదనను. కానీ తర్వాత కొన్నిసార్లు సరైన డబ్బిస్తే ఆ లెక్క మళ్ళీ పైకి వస్తుంది. మోసపోయినామె సంగతి అందులో రాదు. తర్వాత ఆ దారిలో వచ్చిన ఆటలు చాలావరకు మంచితనాన్ని పొదుపు ఖాతా చేసేశాయి. ఇక్కడ వేసి అక్కడ తీసుకోవచ్చు.

ఇంతవరకూ ఆట రాసినవాళ్ళనే అన్నాను. ఆడేవాళ్ళ వాటా కూడా ఉంది. 1987 నాటి ‘మేనియాక్ మాన్షన్’లో ఎడ్ అనేవాడు పెంచుకునే హాంస్టర్‌ని, అంటే ఎలుకలాంటి చిన్న జంతువుని, మైక్రోవేవ్‌లో పెట్టి పేల్చవచ్చు. ఆట గెలవడానికి అది అక్కర్లేనే అక్కర్లేదు. ఏమవుతుందో చూద్దామని తప్ప ఇంకో కారణం లేదు. ఆటను తన యంత్రానికి తెచ్చినప్పుడు నింటెండో కంపెనీ అంత గట్టిగా కత్తిరింపులు చేయించినా మొదటి క్యాసెట్లలో ఇది వాళ్ళ కన్నుగప్పి వెళ్ళిపోయింది. తర్వాత వేసిన వాటిల్లో తీసేయించారు. నన్నడిగితే ఉంచాల్సింది. ఎందుకంటే ఆ పేలినదాన్ని పట్టుకెళ్ళి ఎడ్‌కి చూపిస్తే వాడు మనం ఆడిస్తున్న పిల్లవాణ్ణి చంపేస్తాడు. పని మనది, ఫలితం మనది, హాంస్టర్ గలవాడు ఎదురుగానే ఉన్నాడు. సుత్తి దొంగతనంలో ఈ మూడిట్లో ఒక్కటీ లేదు.

అయితే ఆటగాళ్ళం దీనికీ మందు కనిపెట్టుకున్నాం. ముందు ఆటను ఉన్నచోట ఉన్నట్టు సేవ్ చేసుకోవడం, పాపం చెయ్యడం, చూసి నవ్వుకోవడం, పాత సేవ్ తెరుచుకోవడం. జరిగింది జరగనట్టే. ఇలా ఆడేవాళ్ళని కాదనడానికి నాకు హక్కు లేదు గానీ, క్షమాపణ అడగాల్సిన మనిషే లేని లోకం అలవాటైతే మిగతా ఆటంతా చప్పబడిపోతుంది. ఏ నిర్ణయానికీ బరువుండదు. అలా ఆడినవాళ్ళే తర్వాత కథ బాగోలేదంటారు.

మా మేనల్లుడు ఆ కొట్టేసిన సుత్తీ మేకులతో స్టాన్ దగ్గరికి వెళ్ళాడు. స్టాన్ పాత శవపేటికలు అమ్ముకునేవాడు, వాగుడుకాయ. లోపల పడుకుని చూపించమంటే పడుకుంటాడు. మూత వేసి మేకులు దిగ్గొట్టి, గోడకున్న తాళంచెవి తీసుకుపోవాలి. మేకు కొట్టే ముందు వాడు సేవ్ చేశాడు. ఎందుకురా అన్నాను. “ఏటైనా తేడా అయితే వెనక్కొచ్చేద్దామని” అన్నాడు. ఏ తేడా రాలేదు. తాళంచెవి దొరికింది. పెట్టెలోంచి వచ్చే గొంతు విని కాసేపు నవ్వి బయటికి నడిచాడు.

1997లో వచ్చిన మూడో భాగం వాడికింకా చూపించలేదు. అందులో స్టాన్ ఇంకా ఆ పెట్టెలోనే ఉంటాడు. మూత తీస్తే తిడతాడేమో అనుకుంటాం. తిట్టడు. లేచి ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మడం మొదలుపెడతాడు. మనం ఒకటి కొని, చచ్చిపోయినట్టు నటించి, ఆ క్లెయిము డబ్బు కూడా ఆ స్టాన్ దగ్గరే వసూలు చేసుకుంటాం.